చెక్క బూరల స్పీకర్లు: ఎడమది పలికింది

నిన్న రాత్రి ఎడమ స్పీకర్ మొదటిసారి నిండుగా పలికింది. కుడిది ఇంకా రంగు పడక, బాల్కనీలో పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. మేలో మొదలుపెట్టిన పని, ఇప్పటికి ఆగస్టు వచ్చింది. ఏది ఎంత కొలతలో కోశానో, ఎక్కడ తప్పు చేశానో మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. బెంగళూరులో అద్దె ఇంట్లో ఉంటూ, ఒక జిగ్‌సా, ఒక డ్రిల్లు తప్ప పనిముట్లు లేనివాళ్లకి పనికొస్తుందేమో.

ఈ పిచ్చి ఊళ్లో రామాలయం గొట్టం మైకు దగ్గర పట్టుకుంది. శ్రీరామనవమికి మైకు సెట్టు అతను దాన్ని కొబ్బరిచెట్టుకి కట్టేవాడు. వెనకుండే యూనిట్ అరచేతిలో పడుతుంది, మాట మాత్రం పక్క ఊరి చెరువు గట్టు దాకా వినబడేది. కిటుకు మనం రోజూ వాడేదే. చేలో అవతలి గట్టు మీదున్న మనిషిని పిలవాలంటే నోటికి రెండు చేతులూ దొప్పలా అడ్డం పెట్టుకుని కేకేస్తాం. ఇరుకుగా మొదలై మెల్లగా విచ్చుకునే దారి ఉంటే గాలి పక్కకి తప్పించుకోదు, తోసిన తోపంతా ముందుకే పోతుంది. మామూలు స్పీకర్ కోన్‌కి ఆ పట్టు దొరకదు. ఒక వాట్‌కి మీటరు దూరంలో 92 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ కూడా తీసుకున్న కరెంటులో దాదాపు 1 శాతమే శబ్దంగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. సినిమాకి మాటొచ్చిన కొత్తలో ఆంప్లిఫయర్లు కొద్ది వాట్లవే కాబట్టి థియేటర్లలో ఇలాంటి బూరలు, అంటే హారన్లు, తప్పనిసరి అయ్యాయి. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ స్పీకర్ల వరసలో ఏ7 అని ఒకటుంది. కింది స్వరాలకి 15 అంగుళాల వూఫర్, దాని మీద పై స్వరాలకి హారన్. నేను చేస్తున్నది దానికి దూరపు చుట్టం. 60 లీటర్ల పెట్టెలో 12 అంగుళాల వూఫర్, దాని నెత్తిన 1 అంగుళం కంప్రెషన్ డ్రైవర్ (బూర వెనక ఉండి గాలిని తోసే చిన్న యూనిట్), దానికి చెక్క హారన్. 1500 హెర్ట్జ్ దగ్గర పని పంచుకుంటాయి.

మే: ఎస్పీ రోడ్డు

ఎలక్ట్రానిక్స్ సామాన్ల అంగళ్లుండే ఎస్పీ రోడ్డుకి మొదటిసారి ఆదివారం వెళ్లి మూసిన షట్టర్లు చూసి వచ్చాను. శనివారం మళ్లీ బయల్దేరి, బైయప్పనహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగాను. వూఫర్లు ఒక్కోటి 4,500, కంప్రెషన్ డ్రైవర్లు ఒక్కోటి 2,800. తిరుగు ప్రయాణంలో సెక్యూరిటీ స్కానర్‌లో రెండు పెద్ద నల్ల చక్రాలు కనబడేసరికి అట్టపెట్టె విప్పించారు. ఆ అయస్కాంతానికి పక్కావిడ తాళాలగుత్తి అతుక్కుంది. ఆవిడ నవ్వింది కాబట్టి సరిపోయింది.

డ్రైవర్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మరతో తిప్పి బిగించేవి ఉంటాయి, బోల్టులతో బిగించేవి ఉంటాయి. చెక్క హారన్‌కి బోల్టులవే మేలు.

జూన్: హారన్

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. హారన్ విచ్చుకునే తీరుకి రకరకాల లెక్కలున్నాయి. నేను ట్రాక్ట్రిక్స్ అనే వంపు తీసుకున్నాను. చుట్టుకొలత ఒక అల పొడవుకి సమానమయ్యే చోట నోరు ముగుస్తుంది కాబట్టి లెక్క తేలిక. హారన్ కింది హద్దు 500 హెర్ట్జ్ అని, శబ్ద వేగం సెకనుకి 345 మీటర్లనుకుంటే, నోటి వ్యాసార్ధం 11 సెంటీమీటర్లు. గొంతు దగ్గర డ్రైవర్ రంధ్రం 25.4 మిల్లీమీటర్లు. పొడవు 20.35 సెంటీమీటర్లు తేలింది. 500కి లెక్క కట్టి 1500 దగ్గర వాడటం దుబారాగా కనబడొచ్చు. కానీ హారన్ తన హద్దు దగ్గర గాలిని సరిగ్గా పట్టుకోదు, దానికి ఎడం ఇవ్వాలి.

గీసి చూస్తే ట్రాక్ట్రిక్స్ స్వభావం తెలుస్తుంది. మొదటి 15 సెంటీమీటర్లలో పిసినారిలా రెండున్నర నుంచి 11 సెంటీమీటర్ల వ్యాసానికి వస్తుంది. మిగిలిన 5 సెంటీమీటర్లలో ఒక్కసారిగా 22కి విచ్చుకుంటుంది. ఉమ్మెత్త పువ్వు గుర్తొచ్చింది.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వలయాలు ఒకదాని మీద ఒకటి అంటించి, లోపల నునుపు చేయాలన్నది పథకం. కాగితం మీద 17 వలయాలు చాలు. వెర్నియర్ పెట్టి చూస్తే షాపువాళ్లు 12 అన్న షీటు 11.4 ఉంది! అంటే 18 వలయాలు. 17తో అంటించేసి ఉంటే దాదాపు సెంటీమీటరు పొట్టి హారన్ వచ్చేది. షీటు కొనగానే మందం కొలిచి, ఆ తర్వాతే లెక్క కట్టండి.

కోసేటప్పుడు మా వీధి చివర వడ్రంగి ఒక మాట చెప్పి సగం షీటు మిగిల్చాడు. నోటి దగ్గరి వలయంలోంచి తీసిన 17 సెంటీమీటర్ల బిళ్లని పారేయకుండా, గొంతు దగ్గరి వలయానికి వాడుకోమన్నాడు. ఆ పెద్ద వలయం 11 మిల్లీమీటర్ల మందంలోనే 17 నుంచి 22 సెంటీమీటర్లకి విచ్చుకుంటుంది. కాబట్టి లోపలి రంధ్రం చిన్న కొలతకే కోసి, మెట్టు తర్వాత చెక్కేయాలి.

ఫెవికాల్ పూసి, నాలుగేసి వలయాల చొప్పున బిగించాను. క్లాంపులు లేవు. పైన బియ్యం బస్తా పెట్టాను. జూన్ వానల్లో ఒక్కో కట్ట ఆరడానికి రెండు రోజులు పట్టింది.

చెక్కడం చేత్తో అయ్యే పని కాదని మొదటి హారన్ మీద గంటసేపు ఉప్పు కాగితం రుద్దాక తెలిసింది. మా వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్క బొమ్మలు తీస్తారు. ఇక్కడికి దగ్గర్లో చన్నపట్నంలోనూ అదే చెట్టు, అదే లక్క. అక్కడికి పోదామా అనుకున్నాను గానీ 26 సెంటీమీటర్ల ప్లైవుడ్ దిమ్మ బొమ్మల లేతుకి ఎక్కడ పడుతుంది? చివరికి మైసూరు రోడ్డు కట్టెల అడితీల వైపు, మంచం కోళ్లు తిప్పే హిందూపురం ఆయన దొరికాడు. దిమ్మ చూసి ముఖం మాడ్చాడు.

"ప్లైవుడ్ వద్దు సార్. లోపల గమ్ము ఉంటుంది. ఉలి మొండిబారి పోతాది."

"ఎంతైనా ఇస్తానన్నా."

"డబ్బు కాదు సార్. ఉలి పదిసార్లు సాన పట్టాల."

సరిగ్గా పదకొండుసార్లు పట్టాడు, నేను లెక్కపెట్టాను. అట్టముక్క మీద సగం హారన్ ఆకారం కోసి తీసుకెళ్లాను. తిప్పడం ఆపి, అట్ట లోపల ఆనించి, వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసేవాడు. వెలుగు గీత కనబడిన చోట పెన్సిల్‌తో గుర్తు, మళ్లీ ఉలి. ప్లైవుడ్ పొరలు అడ్డంగా తెగి, చెరువు అంచున నీరు తగ్గిన గీతల్లా వలయాలు తేలాయి. రెండింటికీ 1,500 తీసుకున్నాడు. నాకైతే తక్కువే అనిపించింది.

ఇంటికొచ్చి గొంతు కొలిస్తే ఒకదానికి 27 మిల్లీమీటర్లు. డ్రైవర్ రంధ్రానికీ హారన్‌కీ మధ్య అంత చిన్న మెట్టు కూడా పై స్వరాలను పాడు చేస్తుంది. కారు డెంటింగ్ వాళ్లు వాడే పుట్టీ పూసి, చీపురు కర్రకి ఉప్పు కాగితం చుట్టి మళ్లీ 25.4కి తెచ్చాను.

జూలై మొదటి వారం: నేను చంపిన డ్రైవర్

హారన్ చూడగానే ఆత్రం పట్టలేకపోయాను. డ్రైవర్ బిగించి, నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపాను. స్విచ్ వేయగానే టప్‌మని ఒక దెబ్బ, ఆ తర్వాత గరగర. అంతే.

కంప్రెషన్ డ్రైవర్ లోపలి రేకు వెంట్రుకవాసి మాత్రమే కదలగలదు. వూఫర్ హాయిగా మింగేసే స్విచ్ దెబ్బ దానికి ప్రాణాంతకం. పరీక్షకైనా సరే 20 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వరసలో పెట్టకుండా తీగ కలపకండి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కి అది వెయ్యి హెర్ట్జ్ కిందిదాన్ని చాలావరకు అడ్డుకుంటుంది.

కొత్త రేకు (డయాఫ్రం) 600 పెట్టి ఎస్పీ రోడ్డులోనే దొరికింది. మార్చడం కష్టం కాదు, శుభ్రం చేయడమే కష్టం. వెనక మూత విప్పితే అయస్కాంతంలో కాయిల్ దిగే సన్నటి కంత గుండ్రంగా కనిపిస్తుంది. కిందటి రోజు అదే బల్ల మీద ఇనప పట్టీకి రంధ్రాలు చేశాను. ఆ రజను నలుసులు కంతలో మీసాల్లా నిలబడి ఉన్నాయి. ఊదితే పోవు, దులిపితే రావు. మాస్కింగ్ టేపుని మడిచి, జిగురు వైపు బయటికి పెట్టి, కంతలో దించి చుట్టూ తిప్పాలి. ఒక్కో చుట్టుకి రెండు మూడు నలుసులు. నలభై నిమిషాలు పట్టింది. మా ఆవిడ టీ పెట్టి తెచ్చి, "పంటి డాక్టరు దగ్గర కూడా ఇంత ఓపిగ్గా కూర్చోరు మీరు" అంది.

జూలై: పెట్టె, క్రాసోవర్

పెట్టె గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపలి కొలత 36, 32, 56 సెంటీమీటర్లు. వూఫర్, అడ్డపట్టీ, పైపు ఆక్రమించేది పోగా 60 లీటర్లు మిగులుతుంది. 45 హెర్ట్జ్‌కి పెట్టెలో గాలి మోగేలా ట్యూన్ చేయడానికి 110 మిల్లీమీటర్ల పీవీసీ డ్రైనేజీ పైపు, 13 సెంటీమీటర్ల ముక్క. గోడలకి దిండ్లలో కూరే రీక్రాన్. రెండు పెట్టెలూ ఒకే షీటులో వచ్చాయి. కోత మాత్రం షాపులోని పెద్ద రంపం మీద చేయించండి. జిగ్‌సాతో కోసిన నా మొదటి పలక చూస్తే ఎవరో కొరికినట్టుంది.

కింది స్వరాలని వూఫర్‌కీ, పై స్వరాలని హారన్‌కీ పంచే సర్క్యూటే క్రాసోవర్. నాది లింక్‌విట్జ్-రైలీ రకం, రెండో ఆర్డర్, అంటే ఒక్కో దారిలో ఒక కాయిల్, ఒక కెపాసిటర్. 8 ఓమ్‌లకి, 1500 హెర్ట్జ్‌కి కాయిల్ 1.7 మిల్లీహెన్రీ, కెపాసిటర్ 6.6 మైక్రోఫారడ్. 3.3వి రెండు పక్కపక్కన కలిపితే సరిగ్గా 6.6. కాయిల్ రెడీమేడ్‌గా కొనకుండా మోటార్ వైండింగ్ షాపులో 18 గేజీ ఎనామిల్ రాగి తీగ కిలోన్నర తెచ్చుకున్నాను. 4 సెంటీమీటర్ల పైపు ముక్క మీద, 3 సెంటీమీటర్ల వెడల్పులో 210 చుట్లు లెక్క వచ్చింది. 220 చుట్టి, కాయిల్ విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ పెట్టి ఒక్కొక్కటే విప్పుతూ 1.7కి దిగాను. ఒక్కోదానికి 350 గ్రాముల రాగి. పాప చుట్లు లెక్కపెడతానని కూర్చుని 130 దగ్గర నిద్రపోయింది. మళ్లీ మొదటి నుంచి.

వూఫర్ 95 డెసిబెల్స్, హారన్ 107. ఆ 12 డెసిబెల్స్ తగ్గించకపోతే చెవిలో సూదులే. డ్రైవర్‌కి వరసలో 5.6 ఓమ్‌లు, అడ్డంగా 2.7 ఓమ్‌లు, తెల్ల సిమెంటు రెసిస్టర్లు, 10 వాట్లవి. ఇది పెట్టకముందు ఆంప్లిఫయర్ ఖాళీగా ఉన్నా ష్ష్ అని వినబడేది. ఇప్పుడు చెవి ఆనిస్తే తప్ప లేదు.

ఆగస్టు: కుదర్చడం

బూర చేయడమే కష్టమనుకుని మూడు నెలలు దాని మీదే పడ్డాను. అసలు కష్టం బూరకీ వూఫర్‌కీ పొత్తు కుదర్చడంలో ఉంది. పుస్తకం లెక్క ప్రకారం ఈ రకం క్రాసోవర్‌లో డ్రైవర్ తీగలు తారుమారుగా (ప్లస్సు చోట మైనస్సు) కలపాలి. కలిపాను. సన్నాయి పెట్టి విన్నాను. సన్నాయి ఉంది, ఊదే మనిషి లేడు. మధ్యలో ఏదో బొక్క.

స్నేహితుడి దగ్గర కొలత మైకు అడిగి తెచ్చి, రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాత్రి పదిన్నరకి మేడ మీద కొలిచాను. ఇంట్లో గోడల ప్రతిధ్వని కలిసిపోతుంది. నీళ్ల మోటారు ఆగాక, కుక్కలు మొరగడం ఆపాక చకచకా నాలుగు కొలతలు. గ్రాఫులో 1500 దగ్గర లోతైన లోయ.

కారణం కాగితం మీద కూడా తేలుతుంది. 1500 హెర్ట్జ్ అల పొడవు 23 సెంటీమీటర్లు. హారన్ నోరు పెట్టె ముఖానికి సమానంగా పెడితే, డ్రైవర్ రేకు అక్కణ్నుంచి సుమారు 23 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. వూఫర్ కాయిల్ 9 సెంటీమీటర్లే వెనక. తేడా 14. అర అల అంటే పదకొండున్నర. కాబట్టి దూరమే అలని ఒకసారి తిరగేసింది, నేను తీగలతో మళ్లీ తిరగేశాను. పుస్తకం రెండూ ఒకే చోట ఉన్నాయనుకుని రాసింది.

హారన్ పెట్టె మీద విడిగా కూర్చుంటుంది కాబట్టి జరపడం తేలిక. తీగలు తారుమారుగానే ఉంచి, అర సెంటీమీటరు చొప్పున ముందుకి జరుపుతూ కొలిచాను. లోయ ఎక్కడ అన్నిటికన్నా లోతుగా ఉందో అక్కడ రెండూ సరిగ్గా ఎదురెదురు అన్నట్టు. రెండున్నర సెంటీమీటర్లు ముందుకొచ్చాక లోయ బాగా లోతైంది. అక్కడ పెన్సిల్ గీత గీసి, తీగలు మామూలుగా మార్చాను. లోయ పూడిపోయింది. అర అల ఆలస్యం అలాగే ఉంది, పట్టింపు ఉన్నవాళ్లు డీఎస్పీ (డిజిటల్‌గా ఆలస్యం సరిచేసే పరికరం) పెట్టుకుంటారు. నాకు ప్రస్తుతానికి చాలు.

సన్నాయి మళ్లీ పెట్టాను. ఈసారి ఊపిరి పీల్చుకోవడం వినబడింది, డోలు దెబ్బ కడుపులో తగిలింది. వాల్యూం పావు వంతు కూడా తిప్పలేదు. పై అంతస్తు ఓనరమ్మ మెట్ల మీద నుంచి తొంగి చూసి, "ఎవరింట్లో పెళ్లి బాబూ?" అంది.

ఇప్పటిదాకా 27 వేలు అయింది. ఇంట్లో చెప్పిన లెక్క పదిహేను. కుడి స్పీకర్‌కి ఇంకో రెండు కాయిల్స్ చుట్టాలి, రంగు వేయాలి. వచ్చే శనివారం పాపకి సాయంత్రమే అన్నం పెట్టేసి, చుట్లు నేనే లెక్కపెట్టుకుంటాను.