ఇండియా ప్రయాణం, చలికాలం, మా ఇంట్లో పాము

డిసెంబర్ వస్తోందంటే మన ఇళ్లలో ఇండియా ప్రయాణం హడావుడి మొదలవుతుంది. స్కూలు సెలవులకు ఇంకో వారం కలిపి ఎలాగైనా సంక్రాంతి దాకా ఉండి రావాలని చూస్తాం. కుక్క ఉన్నవాళ్లు దాన్ని ఎక్కడ వదలాలా అని వెతుక్కుంటారు. మా ఇంట్లో ఉన్నది పాము, కార్న్ స్నేక్ అనే విషం లేని రకం. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. పాము ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిది, ఒంటి మీద ఆ ఎర్రటి మచ్చలు చూసి మిర్చి అని పేరు పెట్టుకుంది. "చలికాలం పాములు ఎలాగూ నిద్రపోతాయి కదా, హీట్ తగ్గించేసి వెళ్లిపోతే సరిపోదా?" అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. సరిపోదు. పాము కొనిపెట్టమని పిల్లలు అడుగుతున్న తెలుగు ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి కాబట్టి ఎందుకు సరిపోదో వివరంగా రాస్తున్నాను.

కార్న్ స్నేక్ సొంత ఊరు ఈ ఆగ్నేయ అమెరికానే. మా కరోలినా అడవుల్లో చలి ముదిరాక కుళ్లిన మొద్దుల కింద, చెట్ల వేళ్ల సందుల్లో, పాత ఇళ్ల పునాదుల్లో దూరి మందంగా పడి ఉంటుంది, మధ్యలో ఓ వెచ్చటి రోజొస్తే బయటికి వచ్చి ఎండ కాచుకుని మళ్లీ లోపలికి పోతుంది. ఫ్లోరిడాలో ఉండే అదే జాతి పాము ఏడాదిలో ఎక్కువ కాలం తిరుగుతూనే ఉంటుంది. అంటే ఈ చలి నిద్ర దానికి బతకడానికి తప్పనిసరి కాదు, చలి ఉన్నచోట తట్టుకునే దారి. ఇంట్లో పెంచుకునే పాముకి అసలు అక్కర్లేదు. పిల్లలు పెట్టించాలనుకునే బ్రీడర్లు మాత్రం కావాలని చల్లబరుస్తారు. దానికో పద్ధతి ఉంది: ముందు రెండు మూడు వారాలు తిండి మానిపించి, వెచ్చదనం మాత్రం మామూలుగా ఉంచి కడుపు ఖాళీ అయ్యేలా చూస్తారు, తర్వాత మెల్లగా 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యకు దించి, చీకట్లో, నీళ్లు ఎప్పుడూ అందేలా పెట్టి, రెండు మూడు నెలలు ఉంచుతారు. ఏడాది నిండని పిల్లల్ని, బక్కగా ఉన్నవాటిని, జబ్బు చేసినవాటిని అలా పెట్టరు.

కడుపు ఖాళీ చేయడం ఎందుకంటే పాము తిన్నది అరగాలంటే ఒంటికి బయటి వేడి కావాలి. చలిలో అరుగుదల ఆగిపోతే లోపలున్న ఎలుక అక్కడే కుళ్లుతుంది, పాము కక్కేయొచ్చు, చచ్చిపోవచ్చు కూడా. ఇప్పుడు మన ప్రయాణం సంగతి చూడండి. కరెంటు బిల్లు కలిసొస్తుందని ఇంట్లో హీట్ 60, 62కి తగ్గించి, వెళ్లే ముందు రోజు "పాపం మూడు వారాలు ఉండాలి" అని దానికి ఓ పెద్ద ఎలుక తినిపించి, తాళం వేసుకుని విమానం ఎక్కామనుకోండి. అన్నిటికంటే ప్రమాదం అదే. పూర్తిగా నిద్రపోయేంత చలీ కాదు, అరిగించుకునేంత వేడీ కాదు. కడుపులో ఏమీ లేకపోయినా ఆ మధ్యస్థంలో ఒంట్లో కొవ్వు కరుగుతూనే ఉంటుంది, ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకునే అవకాశం పెరుగుతుంది.

అందుకని మా ఇంట్లో చలికాలమైనా మిర్చి ఉండే ట్యాంక్‌లో ఎండాకాలమే. ఓ పక్క 85 నుంచి 88, ఇంకో పక్క 75 దగ్గర, రెండు వైపులా దాక్కోడానికి ఓ గుహ. దానికి వేడి కావాలంటే అటు, చాలనుకుంటే ఇటు. ట్యాంక్ కింద హీట్ మ్యాట్‌కి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి, అది లేకపోతే మ్యాట్ కాలిపోయేంత వేడెక్కి పాము పొట్టకి బొబ్బలొస్తాయి. అడుగున ఆస్పెన్ చెక్క పొట్టు వేస్తాం. సెడార్, పైన్ పొట్టు వాసన పాములకి పడదు. ఇంట్లో హీటర్ వల్ల గాలి పొడిబారి జనవరిలో కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కంటి మీద పొర, తోక చివర తొడుగు అలాగే ఉండిపోతాయి. తడి నాచు పెట్టిన చిన్న డబ్బా ఒకటి లోపల ఉంచితే ఆ బాధ తప్పుతుంది. కళ్లు పాలరంగు తిరిగాయంటే కుబుసం విడవబోతోందని, ఆ రోజుల్లో ముట్టుకోకూడదని మా అమ్మాయికి నేను చెప్పక్కర్లేదు, తనే నాకు చెప్తుంది.

ఇంత వేడిలో ఉంచినా నవంబర్, డిసెంబర్ వచ్చేసరికి కొన్ని పెద్ద పాములు, ముఖ్యంగా మగవి, తిండి మానేస్తాయి. మా మిర్చి మగదే. మొదటిసారి మాకు చాలా టెన్షన్ పట్టుకుంది. పిల్ల ఏడుపు. నాకేమో పిల్లలు తినకపోతే వెంటపడి ముద్దలు కలిపి పెట్టే అలవాటు, మా అమ్మ అలా పెంచింది, మా అత్తయ్యగారూ అంతే. పాముతో అది కుదరదు. వద్దన్న ఎలుకని తీసేయాలి, వారం పది రోజులాగి మళ్లీ పెట్టి చూడాలి, ఈలోగా వంటింటి త్రాసు లాంటిదే వేరేది ఒకటి కొని బరువు చూస్తూ రాసుకోవాలి. బరువు నిలకడగా ఉంటే కంగారు లేదు. పదో వంతు తగ్గిందంటేనో, నోట్లో బుడగలు, గురగుర చప్పుడు ఉంటేనో సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. మా అమ్మాయి నోట్‌బుక్‌లో ఆ అంకెలు రాసుకుంటూ ఓపిక పట్టడం చూశాక పిల్ల అన్నం ప్లేటు విషయంలో నేనూ వెంటపడటం తగ్గించాను.

అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆరునెలలున్నప్పుడు ఎలుకల సంగతి పెద్ద చిక్కయింది. మాది శాకాహారం ఇల్లు. మిర్చికి పది పన్నెండు రోజులకో ఎలుక కావాలి, చంపి గడ్డకట్టించినవి ప్యాకెట్లలో దొరుకుతాయి. వాటికి గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజర్ పెట్టాం, కరిగించే గిన్నె, పట్టకార వేరు, వంటింట్లోకి ఏదీ రాదు. పామును ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగకూడదు. సరీసృపాల మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బాక్టీరియా ఉంటుంది, అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పెంచొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెప్తుంది. ఈ నియమాలన్నీ విని అత్తయ్యగారు "ఇది మడే కదమ్మా" అని స్థిమితపడ్డారు. కార్తీకంలో నాగుల చవితికి ఇక్కడ పుట్ట ఎక్కడ దొరుకుతుంది, చలిమిడి, చిమ్మిలి చేసి దేవుడి దగ్గరే పెట్టారు. మిర్చికి పాలు పోస్తానన్నప్పుడు మనవరాలు "వద్దు నానమ్మా, దానికి పాలు అరగవు, నీళ్లు నువ్వే మార్చు" అంది. ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆవిడే మార్చారు.

ఆవిడ భయాన్ని మాత్రం నేను ఎప్పుడూ తీసిపారేయలేదు, పిల్లని తీసిపారేయనివ్వలేదు. మా ఊళ్లో పొలం గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అన్నీ ఉండేవి, పాము కరిచి పోయినవాళ్ల ఇళ్లు మేం ఎరుగుదుం. చేతికి చుట్టుకునే మిర్చితో పెరిగిన పిల్ల సంక్రాంతికి ఊరెళ్లి గడ్డివాము దగ్గర కనిపించినదాన్ని కూడా అలాగే పట్టుకోబోతే? నాకు నిద్ర పట్టనివ్వని ఆలోచన అదే. కాబట్టి మా ఇంట్లో ఒక్కటే రూలు, రెండు దేశాలకూ వర్తించేది: బయట కనిపించిన ఏ పామునీ ముట్టుకోకూడదు, చంపకూడదు, దూరం జరిగి పెద్దవాళ్లని పిలవాలి. కేరీలోనూ కాపర్‌హెడ్‌లు తిరుగుతాయి, విషం ఉన్నవి, వాటిని పోలి ఉంటుందని కార్న్ స్నేక్‌నూ కొట్టి చంపుతారు. అక్కడ మన జెర్రిపోతుకు పట్టే గతి కూడా అదే. పంటకి ఎలుకల బెడద తగ్గించే పాము, విషం లేదు, అయినా కర్రలు లేస్తాయి.

ప్రయాణానికి మేం చేసేది ఇదీ. బయల్దేరడానికి వారం పది రోజుల ముందు ఆఖరి తిండి, అది అరిగి రెట్ట వేసేదాకా చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము మూడు వారాలు తినకపోయినా ఏమీ కాదు, నీళ్లు మాత్రం ఉండాలి. ఇంటి హీట్ 68 కంటే తగ్గించం. పక్కింటావిడ రెండు మూడు రోజులకోసారి వచ్చి నీళ్లు మార్చి, థర్మామీటరు ఫోటో పంపుతుంది, ట్యాంక్ మూతకి గొళ్లాలు సరిగ్గా పడ్డాయో చూస్తుంది. సందు దొరికితే ఇవి దూరిపోతాయి. తిండి పెట్టమని ఆవిడని అడగం.

జార్జియాలో ఉన్నవాళ్లకి ఒక మాట: విషం లేని స్థానిక పాముల్ని ఇంట్లో పెంచుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, కార్న్ స్నేక్ వాటిలో ఒకటి. పిల్లలకి మాటిచ్చే ముందు మీ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి. ఇంకోటి, ఇది పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్లేసరికి మిర్చికి ఇంకా సగం ఆయుష్షు పైనే ఉంటుంది, హాస్టల్ గదిలో పామును ఒప్పుకోవడం కష్టం. అప్పుడు చూసుకోవాల్సింది నేనే. అందుకే ఈ శీతాకాలం ఎలుకను కరిగించడం, పట్టకారతో అందించడం మా అమ్మాయి దగ్గర నేర్చుకుంటున్నాను.