బంకమట్టి నేలలో తంగేడు

మా ఆవిడది సిద్దిపేట. పెళ్లయి కోనసీమకి వచ్చినప్పటి నుంచి దసరా ముందు ఒకటే గొడవ. కడియం బంతిపూలు బుట్టలకొద్దీ తెచ్చినా, "తంగేడు లేకుంటే అది బతుకమ్మేంది?" అనేది. వాళ్లవైపు బీళ్లలో దానంతటదే మొలిచే మొక్క. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. మాకేమో కొబ్బరి నీడ, కాలవ తేమ, వాన పడితే చెప్పు ఊడొచ్చే బంకమట్టి.

మొదటిసారి రాజానగరం వైపు మెట్టలో రోడ్డు పక్క మొక్కని గునపంతో పెకలించి తెచ్చాను. తల్లివేరు సగంలో తెగింది. నాలుగు రోజుల్లో ఎండిపోయింది.

రెండోసారి ఒక నర్సరీలో "తంగేడేనండీ" అని అంటగట్టారు. ఏడాది పెంచాక పూలు కొవ్వొత్తుల్లా నిటారుగా లేచాయి. తామరకి ఆకు రాస్తారే, ఆ సీమ అవిసె! పూలు రెండిటివీ పసుపే, మొక్కలే వేరు. తంగేడుకైతే ఆకు కాడ మొదట్లో చిన్న చెవుల్లాంటి రేకులుంటాయి. దాని శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' ఆ చెవుల మాటే. ఇదంతా మా ఆవిడ తీరిగ్గా, పూలు పూశాక చెప్పింది.

చివరికి మావయ్యగారు ఎండుకాయలు పంపారు. బల్లపరుపుగా, కాగితంలా పల్చగా ఉన్నాయి, ఊపితే గలగలమన్నాయి. పదిహేను గింజలు నేరుగా నాటితే మూడు వారాలకి ఒక్కటి మొలిచింది. గింజ పైతోలు అంత గట్టిది, నీళ్లు లోపలికి పోవు. తర్వాత విడతకి నీళ్లు మరిగించి, దింపి, గింజల మీద పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దుటికి కొన్ని ఉబ్బి రెట్టింపయ్యాయి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్లీ నానబెట్టాను. ఇసుక, ఎర్రమట్టి కలిపిన కవర్లలో పెడితే వారం పది రోజుల్లో మొలకలు! వేరు కదలకూడదని నాటేటప్పుడు కవరు నిలువునా కోసి మట్టిగడ్డతో సహా దించాను.

అప్పటికే ట్రక్కు ఎర్రమట్టి తోలించి, ఎండ బాగా తగిలే చోట రెండడుగుల దిబ్బ వేయించాను. "రోడ్డు పక్క మొక్కకి ఇంత సేవేంట్రా?" అని అమ్మ నవ్వింది. దిబ్బ మీద ఆరు, చోటు చాలక కింద మూడు నాటాను. అక్టోబరు వాయుగుండానికి పెరట్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. కింది మూడూ ఆకులు రాల్చి చచ్చాయి. దిబ్బ మీదవి చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత పచ్చ గొంగళిపురుగులు పడి రెండు మొక్కల్ని ఈనెలతో వదిలేశాయి. మందు డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. కొన్నాళ్లకి ఆ పురుగులే లేత పసుపు సీతాకోకచిలుకలై తిరుగుతుంటే డబ్బా వెనక్కి పెట్టేశాను. మొక్కలు మళ్లీ చిగురించాయి. అసలు వీటికి నా చెయ్యి ఎంత తక్కువ పడితే అంత మంచిదని తెలిశాక, వేసవిలో తప్ప నీళ్లు పోయడం మానేశాను.

మరుసటేడు భాద్రపద మాసానికి కొమ్మల చివర గుత్తులొచ్చాయి. ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండగ మొదటి రోజు పొద్దున్నే కోస్తే ఒక చిన్న పళ్లెం నిండింది. ఒక్క వరసకి సరిపోయింది, మిగతావన్నీ బంతిపూలే. అమ్మ మాత్రం ఆ వరస తనే పేరుస్తానని పళ్లెం లాక్కుంది.