పరదేశి మనసు తెలిసినవాళ్ళు

కొచ్చి మట్టాంచేరిలో యూదుల పాత ప్రార్థనా మందిరం ఒకటి ఉంది, 1568లో కట్టింది, పేరు పరదేశి సినగాగ్. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే చైనా నుంచి తెప్పించిన నీలి తెలుపు పలకలు పాదాలకు చల్లగా తగులుతాయి. మేం వెళ్ళినప్పుడు మా అమ్మాయి బోర్డు చూసి, "నాన్నా, పరదేశి అంటే ఫారినర్ కదా, ఎవరైనా సొంత గుడికి అలాంటి పేరు ఉంచుకుంటారా?" అంది. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను కానీ, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడినందుకు గుర్తుగా యూదులు చేసుకునే పస్కా పండుగ వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

ఎందుకంటే మన తెలుగు బైబిల్లోనూ అదే మాట. నిర్గమకాండం 23వ అధ్యాయం 9వ వచనం. పరదేశిని బాధపెట్టొద్దు, పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఐగుప్తులో మీరూ పరదేశులే కదా అంటాడు దేవుడు. జాలి పడండి అనలేదు చూడండి, మీకు తెలుసు అన్నాడు. మనసు అని మనం చదువుకునే చోట హీబ్రూలో ఉన్న మాట నెఫెష్, అంటే ప్రాణం.

ఆ తెలియడం చెరిగిపోకుండా ఉండటానికే పస్కా రాత్రి భోజనం, సెదెర్. ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ ఐగుప్తు నుంచి తానే బయటికొచ్చినట్టు తలుచుకోవాలని ఆ రాత్రి చదువుకుంటారు, తాతలెవరో వచ్చారని కాదు, తానే. అయితే తలుచుకునే తీరు ఎక్కడికక్కడ వేరు. ఇరాక్ యూదుల ఇళ్ళలో పిల్లాడు పులియని రొట్టెను గుడ్డలో మూటకట్టి భుజాన వేసుకుని నిలబడితే, ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడుగుతారు, ఐగుప్తు నుంచి అంటాడు, ఎక్కడికంటే యెరూషలేముకి అంటాడు. ఇరాన్ యూదులైతే బానిసల వీపున పడిన కొరడా దెబ్బలకు గుర్తుగా ఉల్లికాడలతో ఒకరినొకరు కొట్టుకుంటారు (పిల్లలకు ఇంతకంటే ఇష్టమైన ఆచారం ఇంకోటి ఉండదేమో).

ఇక అన్నం గొడవ చూడండి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు, పులిసిన పిండి తినకూడని ఆ పండుగ వారమంతా అన్నం, పప్పు కూడా ముట్టరు, కొచ్చి యూదులు మాత్రం శుభ్రంగా అన్నమే తింటారు, యూదుల ప్రాచీన ధర్మ చర్చల గ్రంథం తాల్ముద్ ప్రకారం బియ్యానికి నిషేధం లేదు మరి. 2015లో అమెరికాలోని యూదుల్లో కన్సర్వేటివ్ అనే శాఖ పండితులు అష్కెనాజీలు కూడా అన్నం తినొచ్చని తీర్పిచ్చారు. ఇజ్రాయెల్లో దేవుణ్ణి నమ్మని కిబ్బుట్జ్ (ఉమ్మడి వ్యవసాయ గ్రామం) రైతులైతే ఆ రాత్రి చదివే పుస్తకాన్నే మార్చి, పంట, వసంతం, చేతుల కష్టం గురించి సొంతంగా రాసుకున్నారు, సెదెర్‌ని మాత్రం వదల్లేదు. మన కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదుల సంగతి ఇంకా వింత. హీబ్రూ మరిచిపోయి, కారణమూ మరిచిపోయి, పులిసిన నీళ్ళ కుండను మూసిపెట్టడమే పండుగగా కొన్ని వందల ఏళ్ళు చేసుకుంటూ వచ్చారు. తలకి గుర్తులేనిది చేతికి గుర్తుంది!

ఇథియోపియా యూదులకు తాల్ముదే తెలియదు, గీజ్ భాషలోని ధర్మశాస్త్రం చదువుకుని గొర్రెపిల్లను బలిచ్చి పస్కా చేసేవాళ్ళు. 1980ల్లో ఇజ్రాయెల్ చేరాలని వాళ్ళలో వేలమంది సూడాన్ దాకా నడిచి వెళ్ళారు, దారిలోనూ శిబిరాల్లోనూ ఎంతోమంది చనిపోయారు. 1991 మే నెలలో ఒకటిన్నర రోజుల్లో 14,000 మందికి పైగా విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. ఇలాంటివాళ్ళకు తామే బయటికొచ్చినట్టు ఊహించుకునే పనేముంది?

మళ్ళీ కొచ్చికే వస్తాను, నాకు మింగుడుపడని సంగతి అక్కడే ఉంది. స్పెయిన్ వైపు నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాలు అక్కడ పరదేశి యూదులయ్యాయి. వాళ్ళకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే మలబారులో యూదులున్నారు, ఆ పాత యూదులతో ఈ పరదేశులు పెళ్ళి సంబంధాలు కలుపుకోలేదు. తమ ఇళ్ళలో బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళ సంతతిని మెషుఖ్రారిమ్ అన్నారు, విడుదలైనవాళ్ళు అనే అర్థం. వాళ్ళు మందిరంలో బల్లల మీద కూర్చోకూడదు, ముందు గదిలోనే ఉండిపోవాలి. ఐగుప్తు బానిసత్వం గురించి ఏటా పాడుకునే నోళ్ళే ఈ మాటా అన్నాయి. మన ఊళ్ళు ఎరిగినవాళ్ళకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఆ విడుదలైనవాళ్ళ ఇంట్లోనే 1882లో అబ్రహాం బరాక్ సేలం పుట్టాడు, లాయరయ్యాడు, సొంత మందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. యూదుల గాంధీ అనేవాళ్ళు ఆయన్ని. ఒక్కో కట్టడీ మెల్లగా సడలింది. నా లెక్కలో ఆ వచనానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం లేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారు, మాదిగ కుటుంబాలవాళ్ళు, ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం మాది అంటారు. నిజంగా యూదులేనా అని అడిగేవాళ్ళకు కొదవ లేదు. సెదెర్ మొదట్లో రొట్టె పైకెత్తి, ఆకలిగా ఉన్నవాళ్ళంతా రండి, తినండి అని పిలుస్తారు, ఆ పిలుపు హీబ్రూలో కాదు, ఒకప్పటి మామూలు జనం మాట్లాడుకున్న అరామిక్‌లో ఉంటుంది. గోత్రం అడగడం అందులో లేదు.