డ్రాగన్ ఉంటే సరిపోదు, నీళ్లలో ముంచి చూడాలి

జపాన్ పాత నాణెం దొరికిందంటూ నాకు వచ్చే వాట్సాప్ ఫోటోల్లో సగానికి పైగా ఒకటే బొమ్మ: మెలికలు తిరిగిన డ్రాగన్, కింద ఇంగ్లీషులో 416, వన్ యెన్, 900. వెనకాలే ప్రశ్న, "రేటెంత పలుకుద్ది గురూ?" అసలుదో కాదో తేలకుండా రేటేం చెప్పను? రంగూన్ వెళ్లొచ్చిన కుటుంబాలూ, ఓడల మీద పనిచేసినవాళ్లూ ఉన్న ఊరు మన విశాఖ, ట్రంకు పెట్టెల్లో ఇవి ఉండటంలో వింతేమీ లేదు, కానీ ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికే నకిలీలు కూడా ఇప్పుడు "మా తాతగారిది" అనే పేరుతోనే తిరుగుతున్నాయి.

ఆ అంకెల్ని ఎవరూ పట్టించుకోరు గానీ అసలు సంగతంతా అక్కడే ఉంది. 416 అంటే గ్రెయిన్లలో బరువు, మన లెక్కలో 26.96 గ్రాములు. 900 అంటే వెయ్యి పాళ్లలో 900 పాళ్లు వెండి. బాగా అరిగిన నాణెం కాస్త తగ్గొచ్చు. 22 గ్రాములే తూగిందంటే మాత్రం ఇంక మాట్లాడుకోవడానికేం లేదు.

అయితే బరువు సరిపోయే నకిలీలూ ఉన్నాయి. మా పక్కింటి మాస్టారు తెచ్చింది అలాంటిదే: 26.8 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోలేదు, ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడు చిన్న డిజిటల్ కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, సున్నా నొక్కి, నాణేన్ని దారంతో కట్టి అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. అప్పుడు కాటా చూపేది నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు, నాణెం బరువుని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. అసలు యెన్ అయితే కాటా 2.6 దగ్గర ఆగాలి, ఎందుకంటే ఆ వెండి సాంద్రత 10.3 దాకా ఉంటుంది. ఇది 3.0 చూపించింది. 26.8ని 3తో భాగిస్తే 8.9, అంటే రాగి, నికెల్ బాపతు. "అయితే ఇదేటి బాబూ, వెండి కాదా?" అన్నారు. కాదండి మాస్టారూ అన్నాను. అంచు చూస్తే గాట్ల మధ్య సన్నగా అతుకు గీత కూడా కనపడింది, డ్రాగన్ పొలుసులు విడివిడిగా లేకుండా ముద్దగా ఉన్నాయి.

సంవత్సరం చదవడం కష్టమేమీ కాదు. జపాన్ అంకెల్లో అడ్డగీత ఒకటుంటే ఒకటి, రెండుంటే రెండు, ప్లస్ గుర్తులా ఉంటే పది. ఆ లెక్క చక్రవర్తి కాలాన్ని బట్టి ఉంటుంది: మెయిజీ కాలం 28 అని తేలితే దానికి 1867 కలపండి, 1895 వస్తుంది. తైషో అయితే 1911, షోవా అయితే 1925 కలపాలి.

కొన్నిటి మీద గుండ్రటి గీతలో ఒక చిన్న అక్షరం గుద్ది ఉంటుంది, చూసి పాడైపోయిందనుకుంటారు. 1897లో జపాన్ బంగారు ప్రమాణానికి, అంటే డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతికి మారి వెండి యెన్‌లను వెనక్కి తీసుకున్నప్పుడు, తైవాన్ లాంటి చోట్ల వాడటానికి వేసిన ముద్ర అది. చైనా వర్తకులు పరీక్షించి కొట్టిన గాట్లు వేరు. ముద్ర ఉన్నవాటిని కోరి కొనేవాళ్లున్నారు, గాట్లు మాత్రం సాధారణంగా ధర తగ్గిస్తాయి.

మధ్యలో చదరపు రంధ్రం ఉన్న, కాన్‌ఎయి అనే జపాన్ పాత చిల్లర నాణేలతో ఇంకో తలనొప్పి. 1636లో మొదలయ్యాయని చదివి లక్షలు వస్తాయనుకుంటారు. రెండు వందల ఏళ్లకు పైగా కుప్పలు కుప్పలుగా పోసినవి, మామూలు రకాలకు జపాన్‌లోనే పెద్ద ధర లేదు. పాతదైతే ఖరీదైనదనే లెక్క నాకు అస్సలు నచ్చదు. వీటిలో ఇనుపవి కూడా ఉన్నాయి, అయస్కాంతానికి అంటుకుంది కదా అని పారేయొద్దు. బర్మాలో జపాన్ ప్రభుత్వం పేరుతో అచ్చేసిన రూపాయి నోట్లూ ఇంతే, వాటి మీది ఇంగ్లీషు గుర్తు బి అక్షరంతో మొదలవుతుంది, రెండో ప్రపంచ యుద్ధం అవగానే చిత్తుకాగితాలయ్యాయి. జ్ఞాపకంగా దాచుకోండి.

ఇంకో మాట, దయచేసి విభూతితోనో చింతపండుతోనో తోమకండి. నల్లబడ్డ నాణెం కంటే తళతళలాడే నాణేనికి కలెక్టర్ తక్కువే ఇస్తాడు. కురుపాం మార్కెట్‌లో వెండి కొట్టుకు తీసుకెళ్తే కరిగించే లెక్కన తూకం ధరే చెప్తారు, అది వాళ్ల తప్పు కాదు. అసలు యెన్‌లో 24 గ్రాముల పైచిలుకు స్వచ్ఛమైన వెండి ఉంటుంది కాబట్టి ఆ రోజు రేటుతో గుణిస్తే మీకు కనీస ధర తెలుస్తుంది. దాని పైన ఎంతన్నది సంవత్సరం, అరుగుదల తేల్చాలి. నాకు ఫోటోలు పంపేటప్పుడు రెండు వైపులతో పాటు అంచు కూడా తీసి, బరువు రాసి పంపండి.