గో, కమ్, రన్, ఫాల్: సీజీఎల్ ఇంగ్లిష్‌లో నాకు దారి దొరికిన చోటు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ లిస్టులో నా నంబరు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న. తెలుగు మీడియంలో చదివినవాడివి కదా, టైర్-2లో, అంటే రెండో దశ పరీక్షలో, ఇంగ్లిష్ ఎలా గట్టెక్కావు అని. మ్యాథ్స్ షార్ట్‌కట్లు, జీకే నోట్స్ గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే రాస్తాను: కదలికను చెప్పే క్రియలు, వాటి వెనకాల వచ్చే ప్రిపోజిషన్లు, అంటే ‘ఇన్’, ‘ఆన్’, ‘టు’ లాంటి చిన్న మాటలు. నా మార్కులు మారింది అక్కడే.

ప్యాటర్న్ మీకు తెలిసిందే. ఇంగ్లిష్‌కి 45 ప్రశ్నలు, 135 మార్కులు. ఒకటి తప్పుపెడితే మూడు పోవడమే కాకుండా ఇంకో మార్కు కోత. ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టడం), ఖాళీలు, క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపడం), సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్ అని పేర్లు వేరైనా, లోపల ఎక్కడో ఒక ‘ఇన్’, ఒక ‘ఇంటు’, ఒక ‘ఆఫ్’ కూర్చుని ఉంటుంది.

ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియ, దాని వెనక చిన్న మాట కలిసి వేరే అర్థం ఇచ్చేవి) జిరాక్స్ కాపీ మీ అందరి దగ్గరా ఉండే ఉంటుంది. గో అబౌట్, గో ఆఫ్టర్, గో ఆఫ్, గో ఆన్ అని వరసగా పేజీలకు పేజీలు. దాన్ని బట్టీ పట్టడం నేను మధ్యలోనే ఆపేశాను. ఆ మాట విని బద్ధకం అన్నవాళ్లున్నారు. బద్ధకం కాదు. ‘గో ఆఫ్’ అంటే బాంబు పేలడం, అలారం మోగడం, కరెంటు పోవడం, పాలు పాడైపోవడం అని నాలుగు అర్థాలు రాసి ఉంటే, ఒకదానికి ఒకటి ఏం సంబంధమో ఆ కాగితం చెప్పదు. సంబంధం తెలియనిది పరీక్ష హాల్లో టైమ్ తరుముతుంటే గుర్తుకు రాదు.

దారి దొరికింది ఒక ప్రాక్టీస్ ప్రశ్నలో. ‘హి వాక్డ్ ఇన్ ద గార్డెన్’, ‘హి వాక్డ్ ఇంటు ద గార్డెన్’. రెండూ కరెక్టే, అర్థాలు వేరు. వివరణలో ‘ఇంటు కదలికకు, ఇన్ స్థితికి’ అని ఉంది. నడవడం కూడా కదలికే కదా, మరి ‘ఇన్’ ఎలా వచ్చిందని చాలాసేపు ఆలోచించాను. చివరికి రెండింటినీ తెలుగులో చెప్పి చూశాను. తోటలో నడిచాడు. తోటలోకి నడిచాడు. అంతే, తేడా మొత్తం ఆ చివరి ‘కి’లో ఉంది. మొదటి వాక్యంలో అతను ముందునుంచీ తోటలోనే ఉన్నాడు. రెండోదాంట్లో బయటి నుంచి హద్దు దాటి లోపలికి వచ్చాడు.

ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎన్నేళ్లుగానో రాదనుకున్న విషయం చిన్నప్పటి నుంచీ నా నోట్లోనే ఉంది. ‘మీద’ అంటే ఆన్, ‘మీదికి’ అంటే ఆన్‌టు. ‘లోంచి’ అంటే అవుటాఫ్, ‘మీంచి’ అంటే ఆఫ్, ‘గుండా’ అంటే త్రూ. అన్నిచోట్లా ఇలా సరిపోదు. ‘నదిలో దూకాడు’ అని మనం ‘కి’ లేకుండానే అంటాం, పరీక్షలో మాత్రం ‘జంప్డ్ ఇంటు ద రివర్’ అనే పెట్టాలి. అలాంటివి వేరే పేజీలో రాసుకున్నాను. ఆ పేజీ పెద్దదేమీ కాలేదు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మనం ‘ఈదుకుంటూ నది దాటాడు’ అంటాం. దిశ క్రియలో ఉంటుంది, ఎలా వెళ్లాడన్నది పక్కన చేరుతుంది. ఇంగ్లిష్‌లో ‘స్వామ్ అక్రాస్ ద రివర్’. ఎలా వెళ్లాడన్నది క్రియలోకి వెళ్లిపోయి, దాటడం ‘అక్రాస్’ మీద పడింది. ‘పరుగెత్తుకుంటూ మెట్లు దిగాడు’ అన్నా అంతే, ‘రాన్ డౌన్ ద స్టెయిర్స్’. భాషలు ఇలా రెండు రకాలుగా ఉంటాయని లెనర్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త 1985లో వివరంగా రాశారు. ఆయన చెప్పినదాంట్లో స్పానిష్ ఒక వైపు, ఇంగ్లిష్ ఇంకో వైపు. ఇంగ్లిష్‌లో దిశ బరువంతా మోసేది ఆ చిన్న మాటే కాబట్టి పరీక్ష తయారుచేసేవాళ్లు దాన్నే మారుస్తారు.

మరి ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’ ఎందుకు తప్పు? ఎంటర్, అసెండ్, డిసెండ్, రిటర్న్, అప్రోచ్ ఇవన్నీ ఫ్రెంచి, లాటిన్ నుంచి వచ్చినవి. వీటిలో దిశ ముందే ఉంది. ‘ఎంటర్’ అంటేనే లోపలికి వెళ్లడం, ఇక ‘ఇంటు’ దేనికి? రిటర్న్ బ్యాక్, అసెండ్ అప్, అప్రోచ్డ్ టు ద ఆఫీసర్, ఎర్రర్ స్పాటింగ్‌లో ఇవి ఏ రూపంలో వచ్చినా కొట్టేయండి. ఒప్పందంలోకో చర్చలోకో దిగితే మాత్రం ‘ఎంటర్ ఇంటు’ సరైనదే. ‘రీచ్’ అచ్చ ఇంగ్లిష్ మాటే అయినా దానికీ ‘టు’ అక్కర్లేదు. మనం ‘ఢిల్లీకి చేరాం’ అంటాం కాబట్టి చెయ్యి దానంతటదే ‘రీచ్డ్ టు’ మీదికి వెళ్తుంది. ‘అరైవ్’ ఫ్రెంచి నుంచే వచ్చినా ఊరైతే ‘ఇన్’, స్టేషన్ అయితే ‘ఎట్’ అడుగుతుంది. ‘టు’ ఎప్పుడూ రాదు.

ఇక ‘గో ఆఫ్’కి వద్దాం. ‘ఆఫ్’ అంటే అంటుకుని ఉన్నదాన్నుంచి విడిపోవడం. ఆగి ఉన్న స్థితి నుంచి విడిపోతే అలారం మోగుతుంది, బాంబు పేలుతుంది. నడుస్తున్న స్థితి నుంచి విడిపోతే కరెంటు పోతుంది. బాగున్న స్థితి నుంచి విడిపోతే పాలు పాడవుతాయి. ‘అవుట్’ లోపలిది బయటికి పోవడం, అందుకే ‘రన్ అవుట్ ఆఫ్ మనీ’ అంటే డబ్బులు అయిపోవడం, ‘ఫాల్ అవుట్’ అంటే పోట్లాడుకుని విడిపోవడం. ‘రన్ ఇంటు’ అనుకోకుండా ఎదురుపడటం, ‘కమ్ అక్రాస్’ అనుకోకుండా కంటపడటం. అన్నీ ఇంత చక్కగా కుదరవు, ఉదాహరణకు ‘ఫాల్ త్రూ’ అంటే అనుకున్న పని జరగకపోవడం అని నేను గుర్తుపెట్టుకోవాల్సే వచ్చింది. కానీ అలా మిగిలినవి కొన్నే.

వొకాబ్యులరీ, కాంప్రహెన్షన్ అందరూ చదివినట్టే చదివాను, ప్రత్యేకంగా చెప్పేదేం లేదు. మాక్ టెస్టులూ అంతే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఇది చదివి ‘అర్థమైంది’ అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తే ఏమీ రాదు. రోజూ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక వార్త తీసుకుని కదలిక క్రియలన్నిటికీ గీత గీయండి. పక్కన తెలుగులో రాయండి. పండగైనా, ఇంట్లో చుట్టాలున్నా, ఒంట్లో బాగోలేకపోయినా నేను ఆ పని మానలేదు. మ్యాథ్స్ వదిలేసి దీని మీద ఇంత టైమ్ ఏంటని స్నేహితులే అడిగారు. ఇప్పుడు స్కోర్‌కార్డు చూస్తే నేను చేసింది సరైనదే అనిపిస్తోంది. మూడ్ ఉన్నప్పుడు చదివేవాళ్లకు ఈ ఉద్యోగం రాదు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మీకు కోపం వచ్చినా సరే, ఇదే చెప్తాను.

చివరి వారంలో చూసుకోవాల్సినవి రెండు. లోపల లేచి నడవగలిగే బస్సు, రైలు, విమానానికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. ముడుచుకుని కూర్చోవాల్సిన కారు, ట్యాక్సీలకు ‘గెట్ ఇంటు’, ‘గెట్ అవుటాఫ్’. సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి మళ్లీ ‘ఆన్’. మనం రోజూ అనే ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ ఆప్షన్లలో కనిపిస్తే దాని జోలికి పోకండి. రెండోది, హోమ్, అబ్రాడ్, డౌన్‌స్టెయిర్స్ ముందు ‘టు’ ఉండదు. ‘గో హోమ్’, ‘గో అబ్రాడ్’. కానీ ‘హోమ్’ ముందు ‘హిజ్’ లాంటి మాట చేరితే ‘టు’ తిరిగి వస్తుంది: ‘హి వెంట్ టు హిజ్ అంకుల్స్ హోమ్’. ఇది తెలియనివాళ్లు సరైన ఆ ‘టు’నే తప్పు అనుకుని గుర్తు పెడతారు.