రెండు పొరల గులాబీ కాగితం

2013 జూన్ 29, శనివారం. సింగపూర్‌లో గే, లెస్బియన్ మనుషులూ వాళ్లకి తోడుగా నిలిచేవాళ్లూ ఏటా ఒక పార్కులో కలిసే పింక్ డాట్ అనే కార్యక్రమం ఉన్న రోజు. అంతకు వారం ముందు వరకూ సింగపూర్ అంతా పొగే, సుమత్రాలో అడవులు తగలబడి ఆ పొగంతా వచ్చి ఊరిమీద కూర్చుంది, మాస్క్ లేకుండా కిటికీ కూడా తీసేవాళ్లం కాదు. ఆ శనివారానికి గాలి కాస్త తేటపడింది. నేను నా దగ్గరున్న ఒకే ఒక్క లేత గులాబీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే రూమ్మేట్ చూసి "ఏంటి మామా, పెళ్లిచూపులా?" అన్నాడు. ఆఫీసు టీమ్ ఔటింగ్ ఉందని చెప్పేశాను. ఆ ఫ్లాట్‌లో ఐదుగురం తెలుగువాళ్లం, వంట వంతులు, అద్దె వాటాలు, క్రికెట్ అన్నీ కలిసే, కానీ నేను గే అన్న సంగతి అక్కడ ఎవరికీ తెలీదు. ఇంట్లోనూ తెలీదు. తెలిసిన మనిషి ఒక్కరే, మా ఆఫీసులో సీనియర్ ఒకావిడ, అక్కడే పుట్టి పెరిగిన తమిళావిడ, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆవిడకీ ఓ పార్ట్‌నర్ ఉంది, చైనీస్ ఆవిడ, అప్పటికే పదేళ్లుగా కలిసి ఉంటున్నారు. ఆ సంగతి అక్క నాతో చెప్పిన రోజే నాది కూడా నోట్లోంచి వచ్చేసింది, ముందే అనుకుని చెప్పింది కాదు.

లిటిల్ ఇండియాలో ఎంఆర్‌టీ, అంటే మెట్రో రైలు, ఎక్కితే రెండో స్టేషన్ క్లార్క్ కీ. దిగి బయటికొస్తే ఎదురుగా హాంగ్ లిమ్ పార్క్. మరీ పెద్దదేం కాదు. అందులో గులాబీ రంగు బట్టలేసుకున్న మనుషులు, చాపలు, స్నాక్స్ డబ్బాలు, స్ట్రోలర్లలో పిల్లలు, రిబ్బన్లు కట్టిన కుక్కలు. ఆ ఏడాది 21 వేల మంది వచ్చారని తర్వాత ఆర్గనైజర్లు చెప్పారు. 2009లో మొదటిసారి పెట్టినప్పుడు 2,500 మంది అంట. నేను ఊహించుకుని వెళ్లింది వేరు, నినాదాలు ఉంటాయి, పోలీసులు ఉంటారు, ఎవరైనా ఫోటో తీస్తే ఉద్యోగం పోతుంది, ఇలా రాత్రంతా భయపడ్డాను. అక్కడికెళ్లి చూస్తే అది పిక్నిక్. జనం కూర్చుని తింటున్నారు, స్టేజ్ మీద ఎవరో పాడుతున్నారు, అంతే.

పింక్ డాట్ అంత మెత్తగా ఎందుకుంటుందో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. సింగపూర్‌లో రోడ్డు మీద ఊరేగింపు చెయ్యాలంటే పోలీసు పర్మిట్ కావాలి, ఇలాంటి విషయాలకి అది రాదు. 2000లో హాంగ్ లిమ్ పార్క్‌లో స్పీకర్స్ కార్నర్ అని, పోలీసు పర్మిట్ లేకుండా ప్రసంగాలు చేసుకునే చోటు ఒకటి పెట్టారు, 2008లో అక్కడ సభలు, ప్రదర్శనలు కూడా పెట్టుకోవచ్చన్నారు, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు, అదీ సిటిజన్లయితేనే. ఆ సందు దొరికిన మరుసటి ఏడాదే పింక్ డాట్ మొదలైంది. దానికి ముందు అక్కవాళ్ల తరం చూసింది వేరే. 1993లో పీపుల్ లైక్ అస్ అని ఒక గ్రూప్ పెట్టుకుంటే 1997లో ఒకసారి, 2004లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. 2001 నుంచి ఏటా ఆగస్టులో నేషన్ అని పెద్ద పార్టీ జరిగేది, 2005లో దానికీ పర్మిషన్ ఆపేశారు. అందుకే ఎవరూ పేరు పెట్టడానికి వీల్లేనట్టు, అమ్మానాన్నల్ని కూడా తీసుకుని రాగలిగేట్టు చాపలేసుకుని కూర్చునే కార్యక్రమం చేశారు. ఇదేం పోరాటం, పిక్నిక్ కదా అని అప్పట్లో కొందరు అనేవాళ్లు. నేనైతే ఒప్పుకోను. అరవై దాటిన ఒక తండ్రి తన కొడుకు, ఆ కొడుకు బాయ్‌ఫ్రెండ్ మధ్యలో కూర్చుని వాళ్లిద్దరికీ పండు ముక్కలు కోసి ఇస్తుండడం నేను ఆ రోజు చూశాను, ఊరేగింపు అయితే ఆయన వచ్చేవాడు కాదేమో.

చట్టం గురించి కూడా చెప్పాలి. ఇండియాలో మనకి సెక్షన్ 377 తెలుసు కదా, స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన చట్టం, బ్రిటిష్‌వాళ్లు 1860లో రాసింది, అదే సింగపూర్‌కీ వెళ్లింది. కానీ అక్కడ 1938లో ఇంకోటి కలిపారు, 377ఏ, మగవాళ్ల మధ్య సంబంధానికి రెండేళ్ల వరకూ జైలు, నాలుగు గోడల మధ్య జరిగినా సరే. 2007లో పాత 377 తీసేసి 377ఏ మాత్రం ఉంచేశారు, ఉంటుంది గానీ కావాలని కేసులు పెట్టం అని అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ పార్లమెంటులోనే చెప్పారు. కేసులు పెట్టనప్పుడు ఇబ్బందేంటి అని మన తెలుగువాళ్లే నన్ను చాలాసార్లు అడిగారు. ఇబ్బంది ఏంటంటే ఆ ఒక్క సెక్షన్ని చూపించి మిగతావన్నీ ఆపేవాళ్లు. టీవీలో మనలాంటివాళ్లని మంచిగా చూపించకూడదు, సంఘం రిజిస్టర్ చేసుకోకూడదు. గవర్నమెంటు ఫ్లాటు కొనాలంటే పెళ్లైనవాళ్లు 21 నిండితే కొనుక్కోవచ్చు, పెళ్లి కానివాళ్లకి 35 నిండాలి. అక్క ఆడమనిషి, 377ఏ ఆవిడకి అసలు వర్తించదు, అయినా వాళ్లిద్దరూ కాగితాల మీద ఇద్దరు ఒంటరి మనుషులే, ఇద్దరికీ 35 వచ్చేదాకా అద్దె ఇళ్లు మారుతూనే ఉన్నారు. ఓనర్ అడిగితే కజిన్స్ అని చెప్పేవాళ్లు, ఒకరు తమిళం, ఒకరు చైనీస్, ఇంక కజిన్స్ ఎలా అవుతారు, ఓనర్లు కూడా ఇంకేం అడిగేవాళ్లు కాదు.

ఆ సాయంత్రం దగ్గరికి వస్తాను. పొద్దు గూకాక అందరూ గులాబీ లైట్లు పైకెత్తితే పక్కనున్న ఎత్తైన బిల్డింగ్ మీదనుంచి ఫోటో తీస్తారు, అదే పింక్ డాట్. సింగపూర్‌ని లిటిల్ రెడ్ డాట్ అంటారు కదా, ఆ మాటలోంచి వచ్చింది పేరు. జెండాలో ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ అవుతుందనీ, సిటిజన్ల ఐడీ కార్డు రంగు కూడా గులాబీయేననీ చెప్తారు. అక్క ఇంట్లోంచి చిన్న టార్చిలైట్లు, గిఫ్టులకి చుట్టే గులాబీ జిలుగు కాగితం, రబ్బరు బ్యాండ్లు తెచ్చింది. చాప మీద కూర్చుని నలుచదరంగా ముక్కలు కత్తిరించి టార్చి మూతికి చుట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాం. నేను ఒక పొర వేసి వెలిగిస్తే తెల్లగానే కనిపించింది. "ఒకటి చాలదు తంబీ, రెండు పొరలు వెయ్యి" అంది అక్క. రెండోది చుట్టాక నా అరచేతిలో గులాబీ వెలుగు పడింది. చిన్న విషయం, కానీ ఇరవయ్యారేళ్లు ఎవరికీ కనపడకుండా బతికినవాణ్ణి, నా చేతిలో ఆ రంగు చూసుకుని కాసేపు మాట రాలేదు.

అప్పుడే స్టేజ్ మీంచి అనౌన్స్ చేశారు. చట్టప్రకారం లైట్లు పట్టుకుని పాల్గొనేది సిటిజన్లు, పీఆర్‌లు (పర్మనెంట్ రెసిడెంట్లు) మాత్రమే, విదేశీయులు చూడొచ్చు గానీ పాల్గొనకూడదు. నాది ఎంప్లాయ్‌మెంట్ పాస్, ఉద్యోగం మీద ఇచ్చే వీసా లాంటిది. పాస్ క్యాన్సిల్ అయితే సంచి సర్దుకుని వెళ్లిపోవాల్సినవాణ్ణి. అక్క నా మొహం చూసి ఏం మాట్లాడకుండా చెయ్యి చాపింది, నా టార్చి తీసుకుంది, రెండు చేతుల్లో రెండు పట్టుకుని పైకెత్తింది. నేను పార్కు అంచున చెట్టుకింద నిలబడి చూశాను. తర్వాతి రెండేళ్లూ అలాగే, అక్క చేతిలో ఎప్పుడూ రెండు టార్చిలు.

2014లో రంజాన్ మొదలయ్యే రోజుకి దగ్గరగా పడింది, పింక్ డాట్‌కి వ్యతిరేకంగా తెల్లబట్టలు వేసుకోమని ఒక మతబోధకుడు పిలుపిచ్చారు, కొన్ని క్రైస్తవ సంఘాలూ కలిశాయి. మా ఆఫీసులో ఒకరిద్దరు సోమవారం తెల్లబట్టల్లోనే వచ్చారు, వాళ్లతో నేను రోజూ లంచ్ తినేవాణ్ణి, ఆ తర్వాత కూడా తిన్నాను, అప్పట్నుంచి వాళ్లముందు వీకెండ్ గురించి మాట్లాడ్డం మాత్రం మానేశాను. ఆ ఏడాది 26 వేల మంది వచ్చారు, 2015లో 28 వేలు.

తర్వాత రూల్ మారింది. 2016 నవంబర్ 1 నుంచి పాల్గొనడం వేరు, చూడ్డం వేరు అన్న తేడా తీసేశారు, విదేశీయుడు అక్కడ నిలబడినా పాల్గొన్నట్టే. విదేశీ కంపెనీలు స్పాన్సర్ చెయ్యాలన్నా పర్మిట్ కావాలి. అంతకుముందు గూగుల్, ఫేస్‌బుక్, గోల్డ్‌మన్ శాక్స్ లాంటివాళ్లు డబ్బులిచ్చేవాళ్లు. ఇంక పింక్ డాట్ పని అయిపోయింది అనుకున్నారంతా. అప్పుడు లోకల్ కంపెనీలే ముందుకొచ్చాయి, చిన్నా పెద్దా కలిపి వందకి పైగా. ఇది నాకు ఇప్పటికీ చాలా గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద ఎంఎన్‌సీ పేరు వేసుకోవడం వేరు, సొంతూళ్లో సొంత షాపు ఉన్నవాడు బోర్డు మీద తన పేరు వేసుకోవడం వేరు, రేపు ఉదయం షాపు తెరవాల్సింది అదే వీధిలో.

2017 జులై 1. పార్కు చుట్టూ బారికేడ్లు, గేట్ల దగ్గర సెక్యూరిటీ, ఒక్కొక్కరి ఐసీ, అంటే ఐడీ కార్డు, చూసి లోపలికి పంపుతున్నారు. గులాబీ ఐసీ అయితే సిటిజన్, నీలం అయితే పీఆర్, రెండూ లేకపోతే లేదు. ఆర్గనైజర్ల తప్పేం లేదు, మనసు చంపుకుని చేశారని అక్క చెప్పింది, చెయ్యకపోతే మొత్తం కార్యక్రమమే ఉండదు, కేసు వాళ్లమీదా పడుతుంది. నేను రోడ్డుకి అవతలిపక్క ఫుట్‌పాత్ మీద ఆగాను. రోడ్డు దాటుతున్నవాడిలాగా కాసేపు, ఫోన్ మాట్లాడుతున్నవాడిలాగా కాసేపు. నాలాంటివాళ్లు ఇంకొందరు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఫిలిపినో ఆడవాళ్లు ఇద్దరు, ఓ తెల్లాయన, ఇంకో ఇండియన్ కుర్రాడు, ఎవరూ ఎవర్నీ పలకరించుకోలేదు. చీకటిపడ్డాక బారికేడ్ల పైనుంచి గులాబీ వెలుగు లేచింది. ఫోన్ మోగింది. "తంబీ, ఎడమపక్క చూడు, స్టేజ్‌కి ఎడమపక్క" అంది అక్క. అన్ని వేల లైట్లలో ఏది ఆవిడదో ఎలా తెలుస్తుంది, "కనిపించింది అక్కా" అన్నాను.

2018 సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు 377లో ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకున్న సంబంధాన్ని నేరమన్న భాగాన్ని కొట్టేసింది. ఆఫీసు బాత్రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో జడ్జిమెంట్ చదువుకున్నాను. 2013 డిసెంబర్‌లో అదే కోర్టు, అది నేరం కాదని 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పుని తిప్పేసినప్పుడు కూడా నేను సింగపూర్‌లోనే ఉన్నా, ఆ రోజు అనుకున్నా ఇక్కడా దొంగనే అక్కడా దొంగనే అని. ఇప్పుడు ఇంటికెళ్తే కాదు, ఇక్కడుంటే అవును. ఆ తీర్పు వచ్చిన వారంలోపే సింగపూర్‌లో కొత్త కేసు పడింది, 377ఏ తీసెయ్యమని పెట్టిన పిటిషన్‌కి 44 వేల పైచిలుకు సంతకాలొచ్చాయి. ఉంచమన్న పిటిషన్‌కి లక్ష దాటాయి, అదీ నిజమే. 2019 పింక్ డాట్‌లో లైట్లతో 'రిపీల్ 377ఏ' అని అక్షరాలు పేర్చారు, పదేళ్లు చుక్క గీసినవాళ్లు ఆ ఏడాది మాట రాశారు. ఆ ఏడాది చివర్లోనే నేను హైదరాబాద్ వచ్చేశాను.

2022 ఆగస్టు 21న నేషనల్ డే ర్యాలీ ప్రసంగంలో లీ సియన్ లూంగ్ 377ఏ తీసేస్తామని చెప్పినప్పుడు అక్క వీడియో కాల్ చేసింది, ఇద్దరూ సోఫాలో కూర్చుని ఉన్నారు, వెనకాల టీవీ మోగుతూనే ఉంది, ముగ్గురం పెద్దగా ఏం మాట్లాడలేదు. నవంబర్ 29న పార్లమెంటు పాస్ చేసింది, 2023 జనవరి 3 నుంచి ఆ సెక్షన్ లేదు. నవంబర్ 29నే పెళ్లంటే ఆడ మగ మధ్యే అన్న నిర్వచనాన్ని కోర్టులో సవాలు చెయ్యడానికి వీల్లేకుండా రాజ్యాంగాన్ని కూడా సవరించారు. అంటే అక్కవాళ్లు కాగితాల మీద ఇప్పటికీ ఇద్దరు ఒంటరి మనుషులే. ఎవరైనా ఒకరు ఆస్పత్రిలో పడితే ఏ కాగితం చూపించాలి అని ఒక లాయర్ దగ్గరికెళ్లి రాయించుకున్నారట, ఆ ఫోల్డర్ గుమ్మం పక్కన డ్రాయర్‌లోనే పెట్టుకుంటారు.

ఈ పోస్ట్ రాయడానికి కారణం ఒకటుంది. సింగపూర్‌లో మన తెలుగువాళ్లు చాలామంది పీఆర్ తీసుకుని ఉన్నారు, కొందరు సిటిజన్లయ్యారు కూడా. పింక్ డాట్ ఇంకా జరుగుతోంది, జూన్‌లో, అదే హాంగ్ లిమ్ పార్క్‌లో, విదేశీయులకి ఇంకా ప్రవేశం లేదు. మీ ఫ్లాట్‌లో, మీ ఆఫీసులో పాస్ మీదున్న కుర్రాడో అమ్మాయో ఎవరో ఒకరు గేటు బయట ఫుట్‌పాత్ మీద ఉంటారు, వాళ్లెవరో మీకు తెలియకపోవచ్చు. మీకు లోపలికెళ్లే కార్డుంటే వెళ్లండి. ఐసీ మర్చిపోకండి, అడగచ్చు. టార్చి రెండు తీసుకెళ్లండి, కాగితం రెండు పొరలు చుట్టండి.