కర్టిస్ లెమే: ఖరగ్‌పూర్ పెట్రోలు, టోక్యో మంటలు

ఖరగ్‌పూర్ అంటే మనవాళ్లకు రైల్వే కాలనీలు, ఐఐటీ గుర్తొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1944 ఆగస్టులో అమెరికా మేజర్ జనరల్ కర్టిస్ లెమే వచ్చి దిగింది అక్కడికే. వయసు 37. చేతికిచ్చినవి బి-29 బాంబర్లు. జపాన్ మీదికి పోవాలంటే ముందు చైనాలోని చెంగ్డూ చేరి, అక్కడ ట్యాంకులు నింపుకోవాలి. ఆ పెట్రోలు కూడా మన దేశం నుంచే హిమాలయాల మీదుగా విమానాల్లో వెళ్లాలి. ఒక్క బి-29 ఒక్కసారి దాడి చేసి రావడానికి ఆరేడు ట్రిప్పుల పెట్రోలు! ఆ ఏర్పాటు మొదట్నుంచీ గిట్టుబాటు కానిదే.

ఇంజిన్ల గోల వేరే. బి-29కి బిగించిన రైట్ ఆర్-3350 ఇంజిన్లో వెనక వరస సిలిండర్లకు గాలి సరిగా తగలదు. మన ఎండల్లో నిండు బరువుతో టేకాఫ్ తీసుకుంటే ఎగ్జాస్ట్ వాల్వులు మాడిపోయేవి. క్రాంక్‌కేసులో, అంటే ఇంజిన్ నడిమి పెట్టెలో, మెగ్నీషియం ఉంది కాబట్టి మంట అక్కడిదాకా పాకితే ఆర్పడం ఎవరి తరమూ కాదు.

లెమే సివిల్ ఇంజినీరింగ్ చదివాడు, నావిగేషన్‌లో దిట్ట. అంతకుముందు 1942లో ఇంగ్లండ్‌కు వచ్చేసరికి అమెరికా పైలట్లు జర్మన్ ఫిరంగి గుండ్లు తప్పించుకోవడానికి విమానాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు. అలా తిప్పితే బాంబ్‌సైట్‌కు (బాంబు గురి చూసే పరికరానికి) గురి కుదరదు, బాంబులు పొలాల పాలవుతాయి. పాత ఫిరంగి మాన్యువల్ ముందేసుకుని, ఒక బి-17 బాంబర్‌ను కొట్టడానికి 372 గుండ్లు కావాలని ఆయన లెక్క తేల్చాడు. నవంబర్ 23న ఫ్రాన్స్‌లోని సాఁ నజేర్ మీద తన గ్రూపును ఏడు నిమిషాలు మలుపు లేకుండా నడిపించాడు. ముందు విమానంలో తనే కూర్చున్నాడు. మిగతా గ్రూపులకన్నా రెట్టింపు బాంబులు గురికి తగిలాయి.

1945 జనవరిలో లెమే పసిఫిక్ సముద్రంలోని మరియానా దీవులకు మారాడు. అక్కడ పెద్ద చిక్కు గాలి. జపాన్ మీద 30 వేల అడుగుల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే జోరు గాలి బాంబుల్ని ఎటో తోసేస్తుంది. పైగా అంత ఎత్తుకు ఎక్కడానికే పెట్రోలంతా కాలిపోతుంది, ఇంజిన్లు అరిగిపోతాయి. అందుకే రాత్రిపూట 5 నుంచి 9 వేల అడుగుల ఎత్తులో పొమ్మన్నాడు. తుపాకులు చాలావరకు పీకేయించి, మిగిలిన బరువుకు సరిపడా నిప్పు బాంబులు ఎక్కించాడు. ఒక్కో గుత్తిలో ఎం-69 గొట్టాలు 38. దాదాపు రెండు వేల అడుగుల ఎత్తులో గుత్తి విడిపోతుంది. గుడ్డ తోకతో గొట్టం దిగుతుంది, నేలను తాకిన నాలుగైదు సెకన్లకు మండే నేపామ్ జెల్లీని చిమ్ముతుంది. కొయ్య ఇళ్లకు అంతకన్నా ఏం కావాలి! మార్చి 9 రాత్రి 279 విమానాలు టోక్యో మీద 1,665 టన్నులు కుమ్మరించాయి. పొద్దుటికి 80 వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువ అంచనాలు లక్ష దాటుతాయి. సైనికంగా తెలివైన లెక్కే, కానీ ఆ లెక్కలో మనుషులకు గడి లేదు.

యుద్ధం తర్వాత, 1948లో అణు బాంబర్ల దళం స్ట్రాటెజిక్ ఎయిర్ కమాండ్ ఆయన చేతికి వచ్చింది. అమెరికాలోనే ఉన్న డేటన్ పట్టణం మీద రాత్రి, రాడార్‌తో ఉత్తుత్తి దాడి చేయమంటే ఒక్క విమానమూ చెప్పినట్టు చేయలేదు. ఆ తర్వాత కసరత్తే కసరత్తు. బాగా చేసిన సిబ్బందికి అక్కడికక్కడే ప్రమోషన్, ఒకడు తప్పితే అందరిదీ పోయేది.

1961 నుంచి 1965 దాకా వైమానిక దళాధిపతి. 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో బాంబులేద్దామంటే అధ్యక్షుడు కెనెడీ ఒప్పుకోలేదు. 1964లో జపాన్ ప్రభుత్వం, తమ కొత్త వైమానిక దళానికి సాయపడ్డందుకు, ఈయనకే ఉదయసూర్య పురస్కారం ఇచ్చింది. ప్రతిపక్షం మండిపడింది.